కోడి సుంకం, చిన్న ట్రక్కు

డల్లాస్ శివార్లలో మొక్కలమ్మే ఒక నర్సరీ ముందు ఈ మధ్య ఒక బుల్లి తెల్ల ట్రక్కు కనిపించింది. స్టీరింగ్ కుడివైపు. వెనక తొట్టికి మూడు వైపులా డోర్లు కిందికి దింపి, ఇద్దరు మనుషులు మట్టి బస్తాలు ఎక్కిస్తున్నారు. దూరం నుంచి టాటా ఏస్ అనుకుని రోడ్డు దాటి మరీ వెళ్ళాను. తీరా చూస్తే జపాన్ నుంచి తెచ్చిన పాత సుజుకీ క్యారీ, 660 సీసీ ఇంజను. ఇక్కడి భద్రతా నిబంధనల ప్రకారం తయారుకాని బండి అమెరికాకి రావాలంటే దానికి పాతికేళ్ళు నిండాలి. వచ్చినా కొన్ని రాష్ట్రాలు రిజిస్ట్రేషన్ ఇవ్వవు. టెక్సస్ 2024లో గానీ దారి ఇవ్వలేదు. యజమాని మురిసిపోతూ చుట్టూ తిప్పి చూపించాడు. ఇంత చిన్న ఒళ్ళు, ఇంత పెద్ద తొట్టి ఉన్న కొత్త ట్రక్కు మా దేశంలో ఏ షోరూములోనూ దొరకదు అన్నాడు.

అప్పట్నుంచీ ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇది ట్రక్కుల దేశం. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచీ ఇక్కడ ట్రక్కుల అమ్మకాల్లో మొదటి స్థానం వదల్లేదు. మా వీధిలో అకౌంటెంటుకీ ట్రక్కే, పళ్ళ డాక్టరుకీ ట్రక్కే. మరి ఇంత ఇష్టం ఉన్నచోట చిన్న ట్రక్కు ఎందుకు లేదు?

ముందు కొలతలు చెబుతాను. నాలుగు డోర్ల ఎఫ్-150 పొడవు 19 అడుగులు దాటుతుంది. దాని వెనక ఎక్కువమంది తీసుకునే తొట్టి ఐదున్నర అడుగులు. 2005లో వచ్చిన మన టాటా ఏస్ పొడవు పన్నెండున్నర అడుగులు, తొట్టి ఏడడుగులు. బండిలో సగం కంటే ఎక్కువ సరుకుకే. ఇక్కడి బండిలో మూడు వంతులు మనుషులకీ ఇంజనుకీ పోతుంది. రెండూ ఒకే పనికి పుట్టిన బళ్ళే, కానీ ఒకటి పనిలోనే ఉండిపోయింది, రెండోది ఇంటి పెద్దకారు అయిపోయింది.

మొదట్లో ఇక్కడా అలా లేదు. 1925లో ఫోర్డ్ తన మోడల్ టీ కారుకి వెనక చిన్న ఇనప తొట్టి బిగించి 281 డాలర్లకి అమ్మింది. రైతు పొద్దున్న పాల క్యాన్లు వేసుకెళ్ళాడు, ఆదివారం చర్చికి అదే వేసుకెళ్ళాడు. యుద్ధం తర్వాత జర్మనీ నుంచి ఫోక్స్‌వ్యాగన్ తన వ్యాన్‌కే తొట్టి పెట్టి పంపింది. జపాన్ నుంచి డాట్సన్ వచ్చింది. చిన్నవి, చవకవి, పెట్రోలు తక్కువ తాగేవి. వాటి దారికి అడ్డం పడింది కోడి. ఈ కోడి కథ నేను కొంచెం విపులంగానే చెప్పాలి, ఎందుకంటే నేను తణుకు దగ్గర కోళ్ళ ఫారాల మధ్య పెరిగినవాణ్ణి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో షెడ్లలో వేలకొద్దీ కోళ్ళు పెంచడం మొదలైంది. అంతకుముందు పండక్కి వండుకునే కోడి రోజువారీ కూర అయింది. ధర పడిపోయింది. మిగిలిన కోళ్ళు గడ్డకట్టించి ఓడల్లో యూరప్ పంపారు. పశ్చిమ జర్మనీ జనం ఎగబడి కొన్నారు. అక్కడి రైతు గగ్గోలు పెట్టాడు. 1962లో యూరప్ ఉమ్మడి మార్కెట్ దేశాలు అమెరికా కోడి మీద భారీగా సుంకం వేశాయి. అమెరికా కోళ్ళ రాష్ట్రం ఆర్కన్సా. ఆ రాష్ట్రపు సెనేటర్ ఫుల్‌బ్రైట్, నాటో దేశాలు అణ్వాయుధాల గురించి మాట్లాడుకుంటున్న చోట లేచి కోళ్ళ గోడు వినిపించారు. జర్మనీ ఛాన్సలర్ ఆడెనావర్, తనకీ కెనెడీకీ నడిచిన ఉత్తరాల్లో చాలా భాగం కోళ్ళ గురించేనని చెప్పుకున్నారని అంటారు. బెర్లిన్‌లో గోడ లేచిన రోజులవి. అప్పుడు ఆ ఇద్దరు పెద్దమనుషులు కోళ్ళ గురించి ఉత్తరాలు రాసుకున్నారంటే ఆ పక్షి విలువ ఎంతో మీరే ఊహించండి.

కెనెడీని ఈ డల్లాస్‌లోనే 1963 నవంబరు 22న కాల్చి చంపారు. పన్నెండు రోజుల తర్వాత, డిసెంబరు 4న, టెక్సస్ మనిషి లిండన్ జాన్సన్ కొత్త అధ్యక్షుడిగా ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. యూరప్ కోడిని ఆపింది కాబట్టి అమెరికా బదులుగా నాలుగు సరుకుల మీద పెద్ద సుంకం వేసింది. బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, చిన్న ట్రక్కులు. ట్రక్కు మీద 25 శాతం. దెబ్బ కొట్టాలనుకున్నది ఫోక్స్‌వ్యాగన్‌ని. కొన్నేళ్ళలోనే దాని పికప్‌లు అమెరికా రోడ్ల మీదకి రావడం ఆగిపోయింది. మిగతా మూడు సరుకుల మీద సుంకం తర్వాత తీసేశారు. ట్రక్కు మీద వేసింది అరవై ఏళ్ళు దాటినా అలాగే ఉంది. ఇక్కడ దాన్ని నేటికీ చికెన్ ట్యాక్స్ అనే అంటారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా బాబాయి గుర్తొచ్చాడు. ఆయనకి లేయర్ కోళ్ళ ఫారం ఉండేది. పొద్దున్నే ఆ రోజు నెక్ రేటు, అంటే కోడిగుడ్ల రైతుల సంస్థ చెప్పే గుడ్డు ధర, ఎంతో తెలిసేదాకా కాఫీ కూడా తాగేవాడు కాదు. గుడ్డు ధర దళారి చేతిలో ఉన్న రోజుల్లో, బి. వి. రావు గారి పూనికతో 1982లో ఆ సంస్థ పుట్టిందనీ, రైతు తన గుడ్డుకి తానే రేటు చెప్పుకోగలిగాడనీ గర్వంగా చెప్పేవాడు. ఆయనకి ఒకే ఒక భయం, అమెరికా లెగ్ పీస్. అమెరికా వాళ్ళకి కోడిలో రొమ్ము మాంసం ఇష్టం. కాళ్ళు చవగ్గా మిగిలిపోతాయి. అవి మన దేశానికి వస్తే గోదావరి జిల్లాల ఫారాలు మూతపడతాయని ఆయన అనని రోజు లేదు. మన ప్రభుత్వం వాటి మీద నూరు శాతం సుంకం పెట్టింది, బర్డ్ ఫ్లూ కారణం చూపి దిగుమతే ఆపింది. 2012లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది, 2015లో అప్పీలులోనూ మనమే ఓడిపోయాం. నేనిక్కడ సూపర్‌మార్కెట్‌లో ఆ కాళ్ళు కొనేటప్పుడు, పచ్చగా ఉన్న ఆ షెడ్ల దారీ, తవుడు వాసనా, తెల్లవారుజామున ట్రేలు సర్దుకున్న ట్రాలీ ఆటోల చప్పుడూ మనసులో మెదులుతాయి. కోడిని కాపాడుకోవాలనుకున్న జర్మన్ రైతు మీద నాకు కోపం రాదు. ఆయన మా బాబాయి లాంటివాడే. కానీ ఆయన్ని దండించడానికి కట్టిన గోడ, కోడి తగాదా చల్లారాక కూడా నిలబడిపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

గోడ ఉందంటే కన్నాలు వెతికేవాళ్ళు ఉంటారు. పూర్తి ట్రక్కుకి 25 శాతం, తొట్టి లేని ఛాసిస్‌కి 4 శాతమే. అందుకని 1970లలో జపాన్ నుంచి తొట్టి లేకుండా బళ్ళు ఓడ దిగేవి. అమెరికాలో దిగాక తొట్టి బిగించేవారు. ఫోర్డ్ తన పేరుతో అమ్మిన కొరియర్ మాజ్డా తయారీ, షెవర్లే అమ్మిన లవ్ ఇసుజు తయారీ. అంటే సుంకం వల్ల లాభపడ్డ కంపెనీలే సుంకం తప్పించుకుని చిన్న ట్రక్కులు తెప్పించాయి. 1980లో ఈ దారి మూశారు. సుబారు ఇంకొక దారి తొక్కింది. 1978లో బ్రాట్ అనే చిన్న పికప్ తెచ్చి, దాని తొట్టిలో వెనక్కి చూసే రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించింది. సీట్లున్నాయి కాబట్టి అది ప్రయాణికుల కారు, ట్రక్కు కాదు. రొనాల్డ్ రీగన్ కాలిఫోర్నియాలోని తన పశువుల క్షేత్రంలో అలాంటి ఎర్ర బ్రాట్ వాడేవారు.

మరీ విచిత్రమైనది ఫోర్డ్ చేసింది. టర్కీలో తయారైన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లని వెనక సీట్లతో, కిటికీలతో అమెరికా తెచ్చేది. ప్రయాణికుల బండిగా తక్కువ సుంకం కట్టేది. బాల్టిమోర్‌లో దింపాక ఆ సీట్లు పీకేసి ముక్కలు చేసి, సరుకుల వ్యాన్‌గా అమ్మేది. కొత్త సీటు, ఎవరూ కూర్చోని సీటు, సముద్రం దాటి వచ్చింది చెత్తలో పడడానికే! కస్టమ్స్ వాళ్ళు ట్రక్కు సుంకమే కట్టాలన్నారు, ఫోర్డ్ కోర్టుకెక్కింది. ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచి, 2024లో ఫోర్డ్ 36.5 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. ఎన్ని చేతులు కుట్టి ఉంటాయి ఆ సీట్లని. ఒక చట్టం మనిషి శ్రమని ఇంత వృథా చేయించగలదా అని నాకు నిజంగా బాధేసింది.

కన్నాలు మూసుకుపోయాక అమెరికాలోనే చిన్న ట్రక్కులు తయారయ్యాయి. షెవర్లే ఎస్-10, ఫోర్డ్ రేంజర్ 1982లో వచ్చాయి. నిస్సాన్ 1983లో టెన్నెసీలోని స్మర్నాలో ఫ్యాక్టరీ తెరిచి మొదట తయారుచేసింది చిన్న పికప్‌నే. ఆ రోజుల ప్రకటనల్లో చిన్న ట్రక్కు కుర్రాళ్ళది, సముద్రపు ఒడ్డుది, తక్కువ ధరది. 1985లో వచ్చిన బ్యాక్ టు ద ఫ్యూచర్ సినిమాలో హీరో కల కనేది నల్ల టొయోటా పికప్ గురించి. ఇక్కడ నలభై, యాభై దాటిన మగవాళ్ళని అడిగితే ఇప్పటికీ ఆ బండి పేరు ఠక్కున చెబుతారు.

మరి అవి ఎందుకు పోయాయి? ఒక కారణం, పెద్ద ట్రక్కులో లాభం ఎక్కువ. సుంకం వల్ల పోటీ లేదు. ఇంకొకటి ఇంధన నిబంధన. ఎంత మైలేజీ ఇవ్వాలో చక్రాల మధ్య విస్తీర్ణాన్ని బట్టి నిర్ణయిస్తారు. బండి ఎంత చిన్నదైతే అంత ఎక్కువ మైలేజీ ఇచ్చి తీరాలి. పెద్దదైతే సడలింపు. కంపెనీలు బండిని సాగదీశాయి. 2011 డిసెంబరులో మిన్నెసోటా సెయింట్ పాల్ ఫ్యాక్టరీలో చివరి చిన్న రేంజర్ తయారైంది. 2019లో అదే పేరుతో తిరిగొచ్చింది పెద్ద బండి.

మూడో కారణం ప్రకటన, నాకు అన్నిటికంటే బలమైనదిగా కనిపించేదీ అదే. 1991 నుంచి షెవర్లే గాయకుడు బాబ్ సీగర్ పాట పెట్టి ట్రక్కుని బండరాయిలా చూపించింది. 2013 సూపర్ బౌల్ ఆటలో రామ్ కంపెనీ, రేడియో వ్యాఖ్యాత పాల్ హార్వీ 1978లో రైతు గురించి చేసిన ప్రసంగం వినిపిస్తూ రైతుల ఫొటోలు చూపించింది. రెండు నిమిషాల ఆ ప్రకటన చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ముడతలు పడ్డ ఆ చేతుల్లో మా తాతయ్య చేతులు కనిపించాయి. కానీ ఆ ప్రకటన చూసి ట్రక్కు కొన్నవాళ్ళలో దుక్కి దున్నేవాళ్ళు ఎందరు? టెక్సస్‌లో టెక్సస్ ఎడిషన్ అని బిళ్ళ తగిలించి అమ్ముతారు. ఫోర్డ్ వారైతే ఇక్కడి ప్రసిద్ధ పశువుల క్షేత్రం కింగ్ రాంచ్ పేరు పెట్టి తోలు సీట్లతో ఖరీదైన బండి చేశారు. రైతు కష్టాన్ని చూపించి ఆఫీసు ఉద్యోగికి సౌఖ్యం అమ్ముతున్నారు. రైతు బిడ్డగా నాకిది మింగుడుపడదు. చిన్న బళ్ళ ప్రకటనలు అన్నీ నిజాయతీగా ఉన్నాయనీ అనలేను. నిస్సాన్ ఫ్రాంటియర్ ఇసుకలో కూరుకుపోయిన ఒక చిన్న బండిని దిబ్బ మీదికి నెట్టినట్టు చూపిన ప్రకటనలో నిజానికి రెండు బళ్ళనీ తాళ్ళతో లాగారని తేలి, 2014లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది.

ఇప్పుడు ఆశ పుట్టించే మాట. 2021లో రెండు చిన్న ట్రక్కులు వచ్చాయి, ఫోర్డ్ మావెరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్. రెండూ కారు పునాది మీద కట్టినవే. మావెరిక్‌ని మెక్సికోలోని హెర్మోసియోలో చేశారు, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది కాబట్టి కోడి సుంకం తగల్లేదు. హ్యుందాయ్‌కి ఆ వెసులుబాటు లేదు. కొరియా ట్రక్కుల మీద 25 శాతాన్ని 2041 దాకా పొడిగించారు, అందుకని అలబామాలోని మాంట్‌గమరీలో తయారుచేసింది.

కొలతలో దగ్గరి చుట్టాలే అయినా అమ్మిన తీరు వేరు. హ్యుందాయ్ తన బండిని ట్రక్కు అనడానికే ఇష్టపడలేదు, సాహస విహారాల వాహనం అంది. ప్రకటనల నిండా సైకిళ్ళు, పడవలు, కొండలు. ఫోర్డ్ ముందు ధర చెప్పింది, 19,995 డాలర్లు. ఆ ధరకి హైబ్రిడ్ ఇంజను, ఊళ్ళో గ్యాలనుకి 42 మైళ్ళు, 1,500 పౌండ్ల బరువు మోసే శక్తి. తొట్టి గోడల్లో చెక్క పలకలు దూర్చుకునే గాడులు పెట్టి, మీ అరలు మీరే కట్టుకోండి, ఎలాగో మేం చూపిస్తాం అంది. కొనేవాణ్ణి రాజుగా కాకుండా పనిమంతుడిగా చూసిన ప్రకటన ఈ దేశంలో నేను చూసింది అదే. జనం ఎగబడ్డారు. 2022 మొదట్లోనే ఆ ఏడాది ఆర్డర్లు ఆపేయాల్సి వచ్చింది. చిన్న ట్రక్కు ఎవరికీ అక్కర్లేదన్న మాట అబద్ధమని తేలిపోయింది.

బాధాకరమేమిటంటే ఆ ధర నిలవలేదు. 2025 మోడల్ 26 వేల డాలర్లు దాటింది. అయినా రెండింట్లో నా ఓటు మావెరిక్ హైబ్రిడ్‌కే. ఎక్కువ బరువు లాగే పని ఉన్నవాళ్ళకి టర్బో శాంటా క్రూజ్ మేలు, 5,000 పౌండ్లు లాగుతుంది. మిగతావాళ్ళకి మావెరిక్ చాలు. మీ పిల్లలు ఇక్కడ ట్రక్కు కొంటామంటే, టీవీలో చూసిన గుర్రాలనీ గోధుమ చేలనీ పక్కన పెట్టమనండి. షోరూముకి కొలత టేపు పట్టుకెళ్ళి, తొట్టి పొడవూ దాని అంచు ఎత్తూ కొలుచుకున్నాకే ధర మాట్లాడమనండి.