పద్నాలుగో ఏట తలకు సంకెల

గ్రహాంతరవాసుల దాడి కథ అనగానే మంటలు, కూలుతున్న మేడలు, పరుగులు తీసే జనం గుర్తొస్తారు. ఆ బాట వేసింది హెచ్.జి. వెల్స్. 1897లో పత్రికలో సీరియల్‌గా, 1898లో పుస్తకంగా వచ్చిన ఆయన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'లో అంగారక జీవులు లండన్ దగ్గర్లోని వోకింగ్ శివార్లలో దిగి, మూడు కాళ్ల యంత్రాలెక్కి, వేడి కిరణాలతో ఊళ్లకు ఊళ్లు తగలబెడతారు. టాస్మేనియా మూలవాసులపై యూరోపియన్లు సాగించిన సంహారాన్ని వెల్స్ మొదటి అధ్యాయంలోనే గుర్తుచేశాడు. సామ్రాజ్యాన్ని చూసి మురిసిపోతున్న తన దేశానికి ఆయన పట్టిన అద్దం ఆ నవల.

డెబ్బై ఏళ్ల తర్వాత మరో ఇంగ్లిష్ రచయిత అలాంటి మూడు కాళ్ల యంత్రాలతోనే పిల్లల కోసం కథ రాశాడు. ఆయన కలం పేరు జాన్ క్రిస్టఫర్, అసలు పేరు శామ్ యూడ్. 1922లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యపు సిగ్నల్స్ విభాగంలో పనిచేశాడు. వరి, గోధుమ సహా గడ్డిజాతి మొక్కలన్నీ వైరస్ సోకి చచ్చిపోతే మనుషులు ఎంతకు తెగిస్తారో చెప్పిన 'ది డెత్ ఆఫ్ గ్రాస్' (1956)తో పెద్దల పాఠకలోకంలో పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత పిల్లల వైపు తిరిగి 'ది వైట్ మౌంటెన్స్' (1967), 'ది సిటీ ఆఫ్ గోల్డ్ అండ్ లెడ్' (1967), 'ది పూల్ ఆఫ్ ఫైర్' (1968) రాశాడు. ఈ మూడింటినీ కలిపి 'ట్రైపాడ్స్' నవలలంటారు.

ఓటమి తర్వాతి కథ

ఈ కథ మొదలయ్యే నాటికి ట్రైపాడ్‌లతో యుద్ధం ముగిసి తరాలు గడిచాయి. మనుషులు ఓడిపోయారు. ఓడిన సంగతి కూడా మరిచిపోయారు. నగరాలు శిథిలాలయ్యాయి, పల్లెల్లో మళ్లీ గుర్రాలు, నాగళ్లే దిక్కు. పద్నాలుగేళ్లు రాగానే ప్రతి పిల్లనూ పిల్లవాడినీ ట్రైపాడ్ ఎత్తుకెళ్లి, తలకు లోహపు జాలీ తొడిగి దింపుతుంది. ఊరంతా దాన్ని పండగలా చేసుకుంటుంది. జాలీ పడ్డాక ఎదురు ప్రశ్న పుట్టదు. నిన్నటి దాకా సందేహాలు పంచుకున్న, వరసకు అన్న అయ్యే జాక్ మర్నాటికి ట్రైపాడ్‌ల భక్తుడైపోవడం చూసి, విల్ అనే పదమూడేళ్ల కుర్రాడు భయపడతాడు. ఇంట్లోంచి పారిపోయి, సముద్రం దాటి, ఫ్రాన్స్ మీదుగా ఆల్ప్స్ పర్వతాల్లో దాగిన స్వేచ్ఛాజీవుల దగ్గరికి చేరతాడు.

క్రిస్టఫర్ గొప్పతనం ఇక్కడే ఉంది. బందీలను ఆయన దుఃఖంలో చూపించలేదు. దారిలో విల్‌ను ఆదరించిన కోటలోని మనుషులు మంచివాళ్లు, తృప్తిగా బతికేవాళ్లు. అక్కడే ఉండిపోవాలని విల్‌కు బలంగా అనిపిస్తుంది. అతను ఇష్టపడిన ఎలోయీజ్, ట్రైపాడ్‌ల నగరంలో సేవకు ఎంపికైనందుకు ఆనందంగా వెళ్తుంది. రెండో నవలలో ఆ నగరంలోకి రహస్యంగా చొరబడిన విల్‌కు ఆమె మళ్లీ కనిపిస్తుంది. అప్పటికే ఆమెను చంపి, అందమైన వస్తువులా భద్రపరిచి ఉంచారు. బానిసత్వం సుఖంగానూ ఉండగలదని, ఆ సుఖానికి కట్టే మూల్యం ఏమిటో ముందుగా తెలియదని చెప్పడానికి ఆయనకు ఉపన్యాసం అవసరం పడలేదు.

ట్రైపాడ్‌లను నడిపే గ్రహాంతర జీవులను ఈ కథలో 'యజమానులు' అంటారు. వాళ్ల బలహీనత మూడో నవలలో పొరపాటున బయటపడుతుంది. బందీగా చిక్కిన ఒక యజమానికి ఇచ్చిన నీళ్లలో మద్యం కలుస్తుంది. అది స్పృహ తప్పుతుంది. అంతే, వాళ్ల మూడు నగరాల్లో రెండు ఆ ఉపాయంతోనే కూలిపోతాయి. పనామాలోని మూడో నగరాన్ని కూల్చడానికి గాలి బుడగలపై వెళ్లిన విల్ సహచరుడు హెన్రీ, గుమ్మటం మీదికి దిగి, జారిపోతున్న బాంబును తన చేతులతో అదిమిపట్టి ప్రాణమిస్తాడు.

తెర మీదికి, తెర వెనక్కి

1984, 85ల్లో బీబీసీ ఈ కథను ధారావాహికగా ప్రసారం చేసింది. రెండు భాగాల తర్వాత ఆపేయడంతో చివరి నవల తెరకెక్కలేదు. అసలు ఈ యంత్రాలు ఆధునిక సైన్యాలను ఎలా ఓడించాయన్న ప్రశ్నకు 1988లో 'వెన్ ద ట్రైపాడ్స్ కేమ్' అనే పూర్వకథతో క్రిస్టఫర్ జవాబిచ్చాడు. అందులో మొదట దిగిన ట్రైపాడ్‌ను యుద్ధ విమానాలు సులువుగానే ధ్వంసం చేస్తాయి. ఆ తర్వాత ఒక టీవీ కార్యక్రమం మొదలవుతుంది. అది చూసినవాళ్లు ట్రైపాడ్‌లకు దాసోహమంటారు. జాలీ తలకెక్కడానికి ముందే మనసు లొంగిపోతుంది.

గెలుపు తర్వాత ఏమిటి?

చివరి నవల విజయోత్సవంతో ముగియదు. విముక్తి పొందిన దేశాల ప్రతినిధులు ఒక సభలో కలుస్తారు, వెంటనే తగువులాడుకుంటారు, సభ చెదిరిపోతుంది. ప్రాణాలకు తెగించి పోరాడిన విల్, అతని ఇద్దరు మిత్రులు మనుషులను ఒక్కటి చేసే పనికి మళ్లీ నడుం కడతారు. పిల్లల పుస్తకంలో ఇలాంటి ముగింపు రాయడానికి గుండె ధైర్యం కావాలి. ఆరేళ్లపాటు ప్రపంచ యుద్ధాన్ని చూసిన తరానికి చెందిన రచయిత, శత్రువు పోయినంత మాత్రాన శాంతి రాదన్న నిజాన్ని పన్నెండేళ్ల పాఠకుడి ముందు దాచలేదు.

2012లో క్రిస్టఫర్ కన్నుమూశాడు. ఆయన పుస్తకాలు మన పిల్లల చేతికి అందాలి. ఏ మాట నమ్మాలో, ఎవరి వెంట నడవాలో తెర మీది బొమ్మలే నిర్ణయిస్తున్న రోజుల్లో, ప్రశ్న అడిగే హక్కును వదులుకోవద్దని సరిగ్గా విల్ వయసులోనే చెప్పాలి. ఈ పుస్తకాలు పిల్లలకు ఇచ్చి ఊరుకోకుండా పెద్దలు కూడా వాటిని చదివి, విల్ చేసిన పని సరైనదేనా అని పిల్లలతో వాదనకు కూర్చోవాలి.