వదలని వెనుక బ్రేకు: డ్రమ్ము చరిత్రలో రెండో సగం

మోటారు కారు బ్రేకుల చరిత్రను సాధారణంగా బండి ఎంత తక్కువ దూరంలో ఆగిందన్న కొలమానంతోనే రాస్తూ వచ్చారు. అయితే పెడల్ మీది నుంచి కాలు తీసిన వెంటనే బ్రేకు చక్రాన్ని పూర్తిగా వదలాలన్న అవసరం కూడా అంతే పాతది. మెకానిక్కుల నైపుణ్యంలో చాలా భాగం ఈ రెండో అవసరం చుట్టూనే పెరిగింది.

ఫ్రాన్సులో లూయీ రెనో 1902లో రూపొందించిన డ్రమ్ము బ్రేకులో, చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము లోపలి గోడకు షూలు, అంటే లైనింగు తొడిగిన వంపు పలకలు, ఒత్తుకుని వేగాన్ని తగ్గిస్తాయి, ఆ తరువాత స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. ఆనాటి కార్లలో ఎక్కువ వాటికి బ్రేకులు వెనుక చక్రాలకే ఉండేవి, ముందు చక్రాలకు అవి విరివిగా వచ్చింది 1920లలోనే. కాలి ఒత్తిడిని చేరవేసే కడ్డీలు, తీగలు బురదకూ తుప్పుకూ బిగుసుకుంటే షూలు వెనక్కి రాక డ్రమ్మును ఒరుసుకుంటూ ఉండేవి. ఆ పద్ధతి హ్యాండ్ బ్రేకు కేబుల్ రూపంలో నేటికీ మిగిలి ఉన్నందువల్లనే, ద్రవంతోనూ తీగతోనూ పనిచేసే వెనుక బ్రేకుకు పట్టేయడానికి రెండు దారులున్నాయి.

ద్రవపీడనంతో పనిచేసే బ్రేకుకు మాల్కం లాక్‌హీడ్ అమెరికాలో 1917లో పేటెంటు పొందగా, 1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారు నాలుగు చక్రాలకూ ఆ పద్ధతిని అమర్చుకుంది. తొలినాళ్ల బ్రేకు ద్రవాలలో ఆముదాన్ని ఆల్కహాలుతో కలిపి వాడేవారు, ఎందుకంటే పెట్రోలియం నూనెలకు ఉబ్బిపోయే సహజ రబ్బరు కప్పులను ఆముదం పాడుచేయదు. తెలంగాణ మెట్టపొలాల రైతుకు చిరపరిచితమైన ఆ నూనె మోటారు చరిత్రలో ఇంత కీలకమైన పని చేసిందన్న సంగతి మరింత మందికి తెలియవలసినది. తరువాత వచ్చిన గ్లైకాల్ ద్రవాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి గనుక, వాటిని మార్చకుండా వదిలేస్తే చక్రం దగ్గరి చిన్న సిలిండరు లోపల తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకుపోయే కొత్త దోషం వచ్చింది.

1950ల చివరి నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్‌కు, 1983లో వచ్చిన మారుతి 800కు కూడా వెనుక డ్రమ్ములే ఉండడంతో పట్టేసిన వెనుక బ్రేకు దోషాన్ని కనిపెట్టే విద్య మన దేశపు షెడ్లలో తరాల పాటు నిలిచింది. ముందు చక్రాలకు అడ్డుపెట్టి, వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్లపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వదిలి చక్రాన్ని చేత్తో తిప్పుతారు. బిగుతుగా ఉంటే, లైనులోని గాలిని బయటికి తీసే బ్లీడర్ నిప్పిల్‌ను కొద్దిగా వదులు చేస్తారు: ద్రవం చిమ్మి చక్రం తేలికగా తిరిగితే ఒత్తిడి లైనులో చిక్కుకున్నట్టు, అప్పటికీ తిరగకపోతే దోషం కేబుల్‌లోనో, స్ప్రింగులోనో, పిస్టన్‌లోనో ఉన్నట్టు. చిక్కిన ఒత్తిడికి కారణం తరచుగా రెండింటిలో ఒకటి: లోపలి పొర ఉబ్బి, వెళ్లిన ద్రవాన్ని తిరిగి రానివ్వని రబ్బరు హోసు, లేదా పెడల్‌కు ఉండవలసిన కొద్దిపాటి ఆట లేక తిరుగు రంధ్రం మూసుకుపోయిన, పెడల్ నడిపే మాస్టర్ సిలిండరు. మాస్టర్ సిలిండరు దగ్గర పైపు వదులు చేసినప్పుడు చక్రం వదిలితే దోషం అక్కడిదే, వదలకపోతే హోసును అనుమానించాలి.

ఈ విద్యలో అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురైనది వరుసక్రమం. అరిగిన షూలను వాటి అడ్జస్టరుతో సరిచేయకుండా హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను మాత్రమే బిగిస్తే, లోపలి లివరు తన స్థానానికి తిరిగి రాదు, షూలు డ్రమ్మును తాకుతూనే ఉంటాయి. ముందు షూలు, ఆ తరువాతే కేబుల్ అన్నది ఏ బండికైనా విడువరాని నియమం. అంతకన్నా బాధాకరమైనది లైనింగుల చరిత్ర: 20వ శతాబ్దంలో చాలా కాలం వాటిని రాతినారతో చేసినందువల్ల, డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదిన పనివారు ఊపిరితిత్తుల జబ్బులకు దారితీసే పోగులను పీల్చారు. ధూళిని తడిపి తుడవడమే సరైన పద్ధతి.

డిస్కు బ్రేకులు వెనుక చక్రాలకూ వ్యాపించిన తరువాత, 2020లో వచ్చిన ఫోక్స్‌వాగన్ ఐడీ.3 విద్యుత్ కారుకు తిరిగి వెనుక డ్రమ్ములనే ఎంచుకున్నారు. మోటారే వేగాన్ని చాలావరకు తగ్గించే బండిలో అరుదుగా వాడే బ్రేకు తుప్పు పట్టకుండా మూసి ఉండడం మేలు, బ్యాటరీ శక్తి వృథా కాకుండా షూలు పూర్తిగా వెనక్కి రావడం మునుపటికన్నా అవసరం.