కొలిమికి చేరిన కమాన్ పట్టీ

కరీంనగర్‌లో కమాన్ అంటే రెండు వస్తువులు. ఒకటి ఊళ్లోని తోరణ ద్వారం. దాని పేరుతోనే కమాన్ చౌరస్తా వెలిసింది. రెండోది లారీకీ, జీపుకీ ఇరుసు మీద ఒకదానిపై ఒకటి పేర్చి బిగించే వంపు పట్టీల కట్ట. ఫార్సీలో కమాన్ అంటే విల్లు. ఆ మాట ఉర్దూ మీదుగా తెలంగాణ మెకానిక్ షెడ్లకు చేరింది. మాట అటునుంచి ఇటు వచ్చింది. ఉక్కు మాత్రం ఇటునుంచే అటు వెళ్లేది.

గోదావరికి రెండు వైపులా ఉన్న పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలు ఒకప్పుడు ఉక్కు సీమ. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి ఇనుము పేరు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో డమాస్కస్ కత్తుల ప్రస్తావనతోనే కనిపిస్తుంది. కరీంనగర్ సరిహద్దుకు దగ్గర్లోని కోనసముద్రం ఇంకా పెద్ద పేరు. సర్వే పనిమీద తిరిగిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ అక్కడి ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసిపెట్టాడు. 1824లో ఆయన చనిపోయాడు. ఆ వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఒక ఊరి ఇనుము నల్ల ఇసుక నుంచీ, ఇంకో ఊరి ఇనుము ఎర్రరాతి నుంచీ తీసేవారు. ఆ రెంటినీ కలిపి మట్టి మూసలో వేసి, మూత పెట్టి, తిత్తులు ఊదుతూ దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ మంట పెట్టేవారు. చల్లారాక మూస పగలగొడితే గుండ్రటి ఉక్కు ముద్ద దొరికేది. అది మరీ గట్టిది కాబట్టి మట్టి పూసి మళ్లీ గంటల తరబడి కాల్చి మెత్తబరచేవారు. ఆ ముద్దలు కొనడానికి పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. తమ దేశంలోనే తయారు చేయబోతే వారికి కుదరలేదట.

మూసల రహస్యం కొంతవరకు మట్టిలోనే ఉంది. 1980లలో పరిశోధకురాలు థెల్మా లో (Lowe) ఈ మూసల ముక్కలను పరీక్షించి, మట్టిలో వరి ఊక కలిపేవారని చూపించింది. ఊక కాలి మిగిల్చే బొగ్గు, బూడిద వల్లనే మూస అంత వేడిని తట్టుకునేది. 2010లో బెంగుళూరులోని నియాస్ పరిశోధన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో తిరిగి ఇనుము తీసిన జాగాలను నమోదు చేశాయి. ధర్మపురికి చెందిన ఎస్. జైకిషన్ అంతకు ముందు నుంచే ఈ పని మీద ఉన్నారు. ఇనుము తీసే కులాల వారు కొలిచిన మమ్మాయి దేవత గుళ్లు ఎక్కడుంటే అక్కడ చుట్టుపక్కల చిట్టెపు దిబ్బలు వెతకవచ్చని వీరి పని తేల్చింది. పొలం దున్నితే నాగలికి తగిలే నల్లటి చిట్టెం రాయి ఆ ఊరి చరిత్రకు అచ్చుకెక్కని సాక్ష్యం.

ఈ వృత్తి పోటీకి నిలవలేకపోయింది. 1856లో బెసిమర్ పద్ధతి వచ్చాక ఇంగ్లీషు ఉక్కు చవకైంది. అడవులు సర్కారు గుప్పిట్లోకి వెళ్లి బొగ్గుకు కట్టెలు కరవయ్యాయి. ఇనుము తీసేవారు పోయారు. దాన్ని సాగగొట్టే కమ్మరులు మాత్రం ఊరూరా మిగిలారు. కర్రు పదును పెట్టడం, ఎడ్లబండి చక్రానికి ఎర్రగా కాల్చిన పట్టా తొడగడం వారి పని.

మోటారు బండ్లు వచ్చాక ఆ చేతికి కొత్త పని దొరికింది. నిజాం సర్కారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. 1947 తరువాత మహీంద్రా జీపు, 1954 నుంచి టాటా బెంజ్ లారీ వచ్చాయి. బొగ్గు గనుల బెల్లంపల్లి, గోదావరిఖని రోడ్లకూ, నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వెళ్లే మహబూబ్ ఘాట్ మలుపులకూ ఇవే దిక్కు. అన్నిటికీ నాలుగు మూలలా కమాన్ పట్టీలే. ఓవర్‌లోడు ఎక్కువైన కొద్దీ పట్టీల వంపు తగ్గి బండి కుంగుతుంది. గుంతలో దబ్బున పడితే మెయిన్ పట్టీ విరుగుతుంది. దీనికి కట్ట మొత్తం కొత్తది కొనే పని లేదు. యూ బోల్టులు విప్పి, కట్ట దించి, నడిమి బోల్టు తీసి పట్టీలు విడదీస్తారు. విరిగినదాన్ని మారుస్తారు. వంపు పోయిన పట్టీని దాగలి మీద పెట్టి, సమ్మెట దెబ్బలు అంగుళం అంగుళం జరుపుతూ వంపు తిరిగి తెస్తారు. కాల్చరు, కాలిస్తే పదును పోతుంది. దెబ్బ ఎక్కడ వేయాలో, ఎంత బలంతో వేయాలో కొలత పుస్తకంలో లేదు. బండి చక్రానికి పట్టా తొడిగిన ఇళ్లలో ఈ తెలివి ముందే ఉంది.

పనికిరాని పట్టీకి ఇంకో జన్మ ఉంది. అందులో కార్బన్ నూటికి సుమారు 0.5 నుంచి 0.6 పాళ్లు, మాంగనీసు, సిలికాన్ కూడా ఉంటాయి. మూస ఉక్కులో కార్బన్ 1.5 దాకా ఉండేది, కనుక ఇది దానికి సాటి రాదు. అయినా బజారు ఇనుపచువ్వ కన్నా చాలా మేలు, దొరికేదేమో తుక్కు ధరకు. కమ్మరి పట్టీని నిడివిగా చీల్చి, కొలిమిలో ఎర్రబడే దాకా కాల్చి కొడవలి వంపు తిప్పుతాడు. అంచు మాత్రమే ముంచి చల్లార్చి, ఆ తరువాత మిగిలిన వేడి అంచుకు పాకేటప్పుడు మెరుగు మీద వచ్చే రంగు చూస్తాడు. లేత గడ్డి రంగు రాగానే మళ్లీ ముంచుతాడు. రంగు నీలం తిరిగేదాకా ఆగితే అంచు మెత్తబడుతుంది. గీత కార్మికుల కత్తికీ, గొడ్డలికీ ఇదే సరుకు. కోనసముద్రం చుట్టూ ఉక్కు పుట్టిన నేల, ఇప్పుడు జంషెడ్‌పూర్ లాంటి చోట్ల పుట్టిన ఉక్కును లారీలు వాడి పారేశాక ఏరుకుంటోంది.

ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగు రావడంతో ఈ గొలుసు కొంత తెగింది. అమెరికాలో 1934లోనే జనరల్ మోటార్స్ కార్లకు ముందు వైపు వచ్చిన ఈ ఏర్పాటు, ఇక్కడి పల్లెలకు చేరేసరికి చాలా దశాబ్దాలు గడిచాయి. 2000లో మార్కెట్లోకి వచ్చిన మహీంద్రా బొలెరోకు ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక కమాన్ పట్టీలు. ముందు భాగం ఒక పక్కకు వాలడం, స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు రబ్బరు తగిలి టక్కుమనడం, టైరు అరుగుదలలో తేడా రావడం చుట్ట అలసిపోయిందనడానికి గుర్తులు. దీన్ని సమ్మెటతో సరిచేయలేరు. కాల్చి సాగదీస్తే కొన్నాళ్లకే మళ్లీ కుంగుతుంది. కొత్తవి వేయాలి, అదీ రెండు పక్కలా ఒకేసారి, లేకపోతే బండి ఒకవైపే ఎత్తుగా నిలుస్తుంది. నొక్కి ఉంచిన చుట్టలో నిండా బలం ఉంటుంది కనుక, దాన్ని బిగించి పట్టే స్క్రూ క్లాంపు లేకుండా విప్పడం ప్రాణాపాయం.

విప్పిన పాత చుట్ట కూడా ఉక్కే. దాన్ని నిటారు చేస్తే ఉలికీ, పంచికీ పనికొస్తుంది. కానీ పట్టీలాగా వెడల్పు లేదు, కనుక కొడవలికి కుదరదు.