ఫానీ బర్నీ దొరసాని వ్యాధివృత్తాంతము

నెపోలియను చక్రవర్తి చరిత్రము చదివిన పెద్దలకు ఆయన సేనల వెంట దిరిగిన శస్త్రవైద్యుడు లారే పేరు తెలిసియుండును. ఆ లారే చేసిన యొక చికిత్సను గూర్చి నేడు విన్నవించెదను. అది రణరంగమున జరిగినది కాదు. ప్యారిసు నగరమున ఒక యింటి చావడిలో, రొమ్మున రాచకురుపు, అనగా క్యాన్సరు, పుట్టినదని వైద్యులు నిర్ణయించిన యొక స్త్రీకి జరిగినది.

ఆమె పేరు ఫానీ బర్నీ. 1778లో ‘ఎవెలినా’ యను నవలను ప్రకటించి ఇంగ్లండున కీర్తి గడించిన విదుషి. దార్బ్లే యను ఫ్రెంచి సేనానిని వివాహమాడి, 1802లో ఫ్రాన్సునకు పోయి, ఉభయ దేశములకు మరల యుద్ధము ప్రారంభమగుటచే అచటనే చిక్కుపడెను. 1810 ఆగస్టున కుడిరొమ్మున నొప్పి తోచెను. మన యిండ్లలోని యిల్లాండ్రు చాలమందివలెనే ఆమెయు, అదే తగ్గునని, వైద్యుని పిలువనీయలేదు. భర్త పట్టుబట్టి పిలిపించెను.

దుబ్వా యను పేరొందిన వైద్యుడు చూచి, మనస్సు కుదుటబరచుకొమ్మని మరిమరి చెప్పి, భర్తతో పుస్తకముల గదిలో చాలసేపు మాటలాడి పోయెను. ఆ మరిమరి చెప్పుటయే యామెకు అనుమానము పుట్టించెను. భర్త నోటితో ధైర్యము చెప్పెను గాని, మొగము నిజము చెప్పివేసెను. అయ్యా, ఈ ఘట్టము మనకు క్రొత్తది కాదు. రోగము తల్లిదో కోడలిదో. మాట మాత్రము వీధియరుగుమీద మగవారికి చెప్పబడును. తలుపు సందున గుసగుసలు విని, లేనిపోనివి ఊహించుకొని, లోపల నామె క్రుంగుచుండును. దీనిని దయ యని పెద్దలందురు. నేననను.

శస్త్రము తప్పదని వైద్యులు తేల్చిరి. దినము మాత్రము తెలుపలేదు. మూడు వారములు ఆమె ప్రతి గడియయు నెదురుచూచెను. నాలుగు గంటల ముందైనను కబురు పంపవలెనని కష్టముమీద మాట తీసికొనెను. తన బాధ భర్త కంట బడరాదని యామె పట్టుదల. 1811 సెప్టెంబరు 30న వచ్చిన కబురునకు రెండు గంటల గడువే యుండెను! ఆమె వేళను మధ్యాహ్నమునకు జరిపించుకొని, కచేరీపని మిషమీద భర్తను బయటికి పంపించి, తానే చావడిని చూడబోయెను. కట్లు, గుడ్డపీలికలు, స్పంజులు కుప్పగా నుండుట గాంచి వెనుకంజవేసెను. కొలదిసేపటిలో తెలియక తప్పనిదానిని దాచుకొనుట వ్యర్థమని మరల వచ్చెను. మనస్సు మొద్దుబారువరకు పచారు చేసెను. తాను బ్రదుకనిచో అందునట్లు భర్తకును కుమారునకును నాలుగు పంక్తులు వ్రాసియుంచెను.

మూడు గంటలకు నల్లదుస్తుల పురుషులు ఏడుగురు ప్రవేశించిరి. స్త్రీలను పొమ్మనిరి, ఒక పరిచారిక మాత్రము నిలిచెను. మత్తుమందు లేదు. బోస్టను నగరమున ఈథరు ప్రయోగము బహిరంగముగా జరిగినది 1846లో గదా! త్రాగుటకు ద్రాక్షసారా కలిపిన మందు, మొగముపై పలుచని చేతిగుడ్డ. అందుండి కత్తి మెరుపు కనబడెనట. రొమ్మును ఎవరు పట్టెదరని లారే యడుగగా, గుడ్డను త్రోసి లేచి, తానే పట్టెదననెను. చికిత్స ఇరువది నిమిషములు సాగెను. ముగిసినప్పుడు లారే మొగమును ఆమె మొగమువలెనే పాలిపోయి యుండెను.

ఆమె 1840 వరకు, ఎనుబదియేడేండ్ల ప్రాయము దాక, జీవించెను. కణపరీక్ష లేని కాలము గనుక, అది నిజముగా రాచకురుపేనా యని నేటి వైద్యులు కొందరు సంశయింతురు. నేడట్లు కాదు. సూదితో చిన్న ముక్క తీసి, పరీక్షించి, మరి నిర్ణయింతురు. పెక్కుమందికి రొమ్మంతయు తీయనక్కరయే లేదు. ఏ దినమున నేమి చేయుదురో, ఏ మందున కేమి బాధ కలుగునో అడిగి తెలిసికొనవచ్చును. ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొని, తాను కోరిన తోడు నొకరిని వెంటబెట్టుకొని రోగియే పోవలెను. అరుగుమీది పెద్దలు కాదు.

ఈ వృత్తాంతమంతయు ఫానీ 1812లో తన అక్క ఎస్తరునకు వ్రాసినది. వ్రాయుటకు నెలలు పట్టెను. వ్రాసినదానిని తిరిగి చదువలేకపోయెను. ఆ యుత్తరము నేడు న్యూయార్కు నగర గ్రంథాలయమున భద్రముగా నున్నది.