ప్రవేశము దొరికిన తరువాత : యల్లాప్రగడ సుబ్బారావు విదేశ విద్య

పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తడ, నెల్లూరు తీరమున చిన్న రైలు స్టేషను. 2022లో ఈ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినది. కోస్తా జిల్లాల నుండి మద్రాసుకు పోవు రైళ్ళు తడ మీదుగా పోవును. 1923లో విశాఖపట్నమున వైద్య కళాశాల వెలసినది. అంతవరకు వైద్యపట్టము కోరిన తెలుగు విద్యార్థులకు మద్రాసే శరణ్యము. అక్కడినుండి సముద్రము దాటినవారు బహు కొద్దిమంది.

విదేశ విశ్వవిద్యాలయములో చేరగోరువానికి మూడు కావలెను: అక్కడ ప్రవేశము, ఖర్చుకు ధనము, ఇక్కడి పట్టమునకు అక్కడ గుర్తింపు. చిత్తూరు సీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి 1902లో భారత ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జి చేరినారు. ధనము సంగతి ప్రభుత్వమే చూచుకొన్నది. అందరికీ ఆ అదృష్టము లేదు. యల్లాప్రగడ సుబ్బారావు కథ ఇందుకు నిదర్శనము.

సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించినారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు, గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించినారు. శస్త్రచికిత్స ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితముగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. ఈ మూడక్షరముల భేదము తరువాత ఎంత దూరము వెంటాడినదో చూడవలెను.

మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించుచు, ఆయన హార్వర్డు ఉష్ణమండల వైద్య పాఠశాలకు దరఖాస్తు పెట్టినారు. ప్రవేశము దొరికినది గాని, విద్యార్థివేతనము దొరకలేదు. అప్పుడు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు, మామగారును ధనసహాయము చేసినారు. 1917 నాటి అమెరికా చట్టము ఆసియావాసుల వలసను నిషేధించినను, విద్యార్థులను మినహాయించినది. ఆ సందున 1923లో సుబ్బారావు బోస్టను చేరినారు.

అక్కడ మూడవ చిక్కు ఎదురైనది. ఎల్.ఎం.ఎస్. తో అమెరికాలో వైద్యవృత్తి చేయుటకు వీలులేదు. అందుచేత వైద్యుడైన ఈ విద్యార్థి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుడుగా పనిచేసి, పగలు చదువుకొన్నారు. 1924లో డిప్లొమా పొంది, హార్వర్డులోనే జీవరసాయన శాస్త్ర విభాగమున చేరినారు.

మరుసటి సంవత్సరమే ఫిస్కె, సుబ్బారావుల పేర భాస్వరమును కొలుచు పద్ధతి వెలువడినది. మాలిబ్డేటుతో కలసిన ఫాస్ఫేటును క్షయకరణము చేసినచో నీలిరంగు పుట్టును. ఆ రంగు గాఢతను బట్టి భాస్వరము పరిమాణము తెలియును. ఈ పద్ధతితోనే కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడినది. 1929లో ఎ.టి.పి. ని కూడ వేరుచేసినారు. జర్మనీలో లోమన్ స్వతంత్రముగా అదే చేసినాడు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. వచ్చినది.

1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరిన పిమ్మట, ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణ జరిగినది. బోదవ్యాధిని కలిగించు క్రిములపై పనిచేయు హెట్రజాన్ కూడ అక్కడనే రూపొందినది. బోదకాలు మన కోస్తా ప్రజలకు చిరపరిచితమైన వ్యాధి. మద్రాసు నుండి సముద్రము దాటిన విద్య, ఈ విధముగా మందై తిరిగివచ్చినది. 1948లో ఆయన అమెరికాలోనే కన్నుమూసినారు.

నేటి విద్యార్థికి దరఖాస్తు సులభమైనది. సమాచారము ఇంటనే దొరకును. కాని ఆ మూడు ప్రశ్నలు మాత్రము మారలేదు. ప్రవేశపత్రము చూచి సంతోషించుటకు ముందు, చదువు ముగియువరకు ధనమెక్కడిది, చేతనున్న పట్టమును అచ్చట ఎంతవరకు అంగీకరింతురు అని విచారించవలెను. ఆ విచారణకు పిల్లవానికి తోడు కావలసినది మొట్టమొదట అతని ఉపాధ్యాయుడే.