చెంచుల పూర్వచరిత్రము

మన బీచుపల్లి దాటిన కృష్ణవేణి సోమశిల మీదుగా నల్లమల కొండలలో ప్రవేశించుచున్నది. ఆ యడవుల చెంచులను గూర్చి లోకమున రెండు కథనములు నడచుచున్నవి.

మొదటిది క్షేత్రకథ. అహోబిల నృసింహుడు చెంచుపడుచును పెండ్లాడెను. శ్రీశైల మల్లికార్జునుని వారు చెంచు మల్లయ్య యందురు. సంక్రాంతి పిదప అహోబిలస్వామి పారువేటకు వెడలి, ఊరూర తిరిగి తన పెండ్లికి జనులను పిలుచును. ఎంతటి చక్కని చుట్టరికము!

రెండవది పండితకథ. ఆస్ట్రియా దేశీయుడగు ఫ్యూరర్ హైమెండార్ఫ్ అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ వసించి, వారు దక్కనునందలి అతిప్రాచీన వేటజనుల శేషమని 1943లో గ్రంథము ప్రకటించెను. (ఆ యేటనే ‘చెంచులక్ష్మి’ చలనచిత్రమును వెలువడినది.)

మొదటి కథ చుట్టరికము కలిపినది గాని అడవిపై హక్కు మాట యెత్తలేదు. రెండవది ప్రాచీనత నొసగి, తెలుగే మాటలాడు వారిని మనకు దూరముగా నిలిపినది.

లెక్కలు వ్రాయువాడను గాన నాకు మూడవ కథయు తెలియును. పాత పహాణీలలో పట్టాదారునకు గడి యుండెను, అనుభవదారునకు గడి యుండెను. తేనె తీయు చెట్టునకు, గడ్డలు త్రవ్వు చరియకు గడి లేదు. గడిలో లేనివాడు కచేరీలో ఆక్రమణదారుడు.

2006 నాటి అటవీహక్కుల చట్టము ఈ జనులకు జరిగినది చారిత్రక అన్యాయమని పీఠికలోనే యొప్పుకొన్నది. దాని నియమములు వృద్ధుల వాఙ్మూలమును సాక్ష్యముగా గైకొనుమనుచున్నవి. అది వ్రాసికొనుటకు ఎవరైన కాగితము పట్టుకొని చెంచుపెంటకు పోవలయును గదా!