అన్నవరం ఠాణాలో దొరకని తుపాకులు

1923వ సంవత్సరం ఏప్రిల్ నెలలో ఒకనాడు అల్లూరి సీతారామరాజు కొద్దిమంది అనుచరులతో అన్నవరంలో ప్రత్యక్షమయ్యాడు. అంతకుముందు దాదాపు నాలుగు మాసాలపాటు ఆయన దళం అలికిడి లేక ఉన్నది. ఊరిలో అడుగుపెట్టగానే ఆయన పోలీసు ఠాణాకు వెళ్ళాడు. ఆయనకు కావలసినవి తుపాకులూ, తూటాలూను. అవి అక్కడ లేవు; అధికారులు ముందుచూపుతో వాటిని తరలించివేశారు. ఉత్తచేతులతో వెనుదిరిగిన ఆ యువకుడు రత్నగిరి ఎక్కి సత్యనారాయణస్వామిని దర్శించుకొన్నాడు. ఆ కొండమీద స్వామి వెలసి అప్పటికి ముప్పదిరెండేళ్ళే అయినది. ఊరివారు ఆయనను భక్తితో ఆదరించారు. ఆ ఆదరణకు ఫలితంగా అన్నవరం, శంఖవరం ప్రజలపై ప్రభుత్వం అపరాధపు పన్ను విధించినది.

ఆనాడు ఆయన స్థానికులతో మాట్లాడిన విషయాలు ఆంధ్రపత్రికలో వెలువడినవి. వాటి సారాంశం ఇది: పోరాడడానికి మనుష్యులకు కొరత లేదు, లేనివల్లా ఆయుధాలు, మందుగుండు.

ఈ మాట వినగానే శ్రోతలలో కొందరికి ఒక సందేహం కలుగవచ్చును. మన్యంలో కమ్మరులు లేరా? కొలుములు లేవా? వేటకు నాటు తుపాకులు వాడిన జనమే కదా వారు! అటువంటివారు తమ తుపాకులను తామే చేసికొనక, ప్రాణాలకు తెగించి ఠాణాల వెంట ఎందుకు తిరగవలసి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ఒక చిన్న విషయాన్ని గురించి ముందు ఆలోచించాలి. ఒక వస్తువులోని భాగం మరొక భాగంతో ఎలా అమరుతుంది? అమరకపోతే మనిషి ఏం చేస్తాడు?

ఇంటిలో అందరికీ అనుభవమైన సంగతే తీసికొందాం. వానకాలంలో తలుపు ఉబ్బి ద్వారబంధంలో పట్టదు. తొందరపాటు మనిషి దానిని బలంకొద్దీ తోస్తాడు. లేదా చిత్రిక పుచ్చుకొని అంచు పొడవునా చెక్కివేస్తాడు. ఎండలు రాగానే ఆ తలుపుకు వ్రేలు దూరేంత సందు ఏర్పడుతుంది. నేర్పుగల వడ్రంగి అలా చేయడు. అంచుకు దీపపు మసి పూసి, తలుపు ఒకసారి వేసి తీస్తాడు. ద్వారబంధంమీద మసి ఎక్కడ అంటినదో అక్కడే ఒరుసుకొంటున్నదన్నమాట. అక్కడ మాత్రమే ఒక పొర తీస్తాడు, మళ్ళీ మసి పూస్తాడు, మళ్ళీ చూస్తాడు. అమరని భాగాన్ని సరిచేయడంలో మొదటి నీతి ఇదే. తప్పు ఎక్కడున్నదో తెలియకుండా పనిముట్టు ఎత్తరాదు. తీసిన చెక్కను తిరిగి అతికించలేము గదా!

పాతకాలపు తుపాకి పనివారు సరిగ్గా ఈ పద్ధతినే అనుసరించేవారు. తుపాకిలో ముఖ్యమైన భాగాలు మూడు: ఇనుప గొట్టం, నిప్పు పుట్టించే యంత్రం, ఆ రెండింటినీ మోసే కొయ్య. ఇనుమును కొయ్యలో పొదగడానికి మసి పూసి, అంటినచోట గీకి, రోజులతరబడి కుదిర్చేవారు. ఇనుప ముక్కలను ఆకురాయితో రాచి ఒకదానికొకటి జోడించేవారు. ఈ విధంగా తయారైన తుపాకి ఎంతో అందంగా ఉండేది. కాని అందులో ఒక లోపం ఉన్నది. పది తుపాకులను విప్పి కలగలిపితే, వాటిని మళ్ళీ కూర్చడం బ్రహ్మతరం కాదు. ఒకదాని మర మరొకదానికి ఎక్కదు. అందువల్లనే పనివారు ఏ ముక్క ఏ తుపాకికి చెందినదో తెలియడానికి గాట్లు పెట్టేవారు, అంకెలు చెక్కేవారు. యుద్ధభూమిలో ఒక చిన్న ముక్క విరిగితే, దానికి బదులు ముక్కను ఆ తుపాకికోసమే కొత్తగా చేయవలసినదే.

ఇట్టి చేతిపనిలో తెలుగువారు ఎవరికీ తీసిపోలేదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కుకోసం పారసీక వర్తకులు వచ్చేవారు. 18వ శతాబ్దం చివర హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమాన్ ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. దానిని జనులు తోప్‌కా సాంచా అన్నారు. ఆ పేటకు గన్‌ఫౌండ్రీ అనే పేరు నేటికీ నిలిచి ఉన్నది. 1798లో రేమాన్ మరణించాడు. ఆ సంవత్సరమే నిజాం ఇంగ్లీషువారితో సైన్యసహకార సంధి చేసికొనగా, ఫ్రెంచి దళాలు రద్దయినవి. కనుక మనకు లోహం లేకపోలేదు, చేయి తిరిగిన పనివారు లేకపోలేదు. అయితే అదే కాలంలో ప్రపంచంలో మరొకచోట తుపాకి తయారీ స్వరూపమే మారిపోతున్నది.

1785లో థామస్ జెఫర్సన్ ప్యారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్నాడు. హొనొరే బ్లాంక్ అనే ఫ్రెంచి పనివాడు ఆయనకు ఏబది తుపాకి యంత్రాల విడిభాగాలను అరలలో సర్ది చూపాడు. జెఫర్సన్ చేతికి అందిన ముక్కనల్లా తీసికొని కొన్ని యంత్రాలను తానే కూర్చాడు. అన్నీ చక్కగా అమరినవి. ఆయన ఆశ్చర్యపడి స్వదేశానికి లేఖ వ్రాశాడు. తరువాత అమెరికాలో ఎలీ విట్నీ 1798లో పదివేల తుపాకులకు ఒప్పందం కుదుర్చుకొని, 1801లో పెద్దల ఎదుట ఇట్టి ప్రదర్శనే చేశాడు. చాలాకాలం ఈ విద్యకు ఆయననే మూలపురుషునిగా కీర్తించారు. కాని ఆయన కర్మాగారపు తుపాకులను తరువాతివారు విప్పి చూడగా, భాగాలు ఒకదానికి బదులు మరొకటి పట్టలేదు. పాతపద్ధతి గుర్తులు కూడ కనిపించినవి. ప్రదర్శన వేరు, పని వేరు.

ఆ పనిని నిజంగా సాధించినవారిలో ముఖ్యుడు జాన్ హాల్. హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో అతడు 1820లలో చేసిన తుపాకులను 1826లో పరీక్షకులు విప్పి, కలిపి, తిరిగి కూర్చి తృప్తిపడ్డారు. హాల్ గ్రహించిన సూత్రం చాల సులభమైనది. ఒక పనివాడు పది బద్దలు కోయవలెననుకోండి. మొదటి బద్దను చూచి రెండవదానిని, రెండవదానిని చూచి మూడవదానిని కోస్తూపోతే, ఒక్కొక్కసారి వెండ్రుకవాసి తేడా వచ్చినా పదవ బద్ద నాటికి అది కంటికి కనిపించేంత అవుతుంది. ప్రతి బద్దనూ మొదటిదానితోనే కొలిస్తే తప్పు పేరుకొనదు. హాల్ ప్రతి భాగంలోనూ ఒక స్థిరమైన చోటును నిర్ణయించి, కొలతలన్నీ అక్కడినుంచే తీయించాడు. వాటిని సరిచూడడానికి ఇనుప కొలబద్దలు చేయించాడు. భాగం కొలబద్దలో పడితే మంచిది, పడకపోతే పనికిరాదు. అమరని భాగాన్ని చివర రాచి సరిచేయడం పోయి, అమరకపోవడమే జరగకుండా మొదటనే చూడడం వచ్చినది. 1850ల నడుమ ఇంగ్లీషు ప్రభుత్వం అమెరికాకు నిపుణులను పంపి, అక్కడి యంత్రాలను కొని ఎన్‌ఫీల్డు కర్మాగారంలో ప్రతిష్ఠించినది.

ఎన్‌ఫీల్డు పేరు మనదేశంలో ఎవరికి తెలియదు? 1857లో సిపాయిల ఆగ్రహానికి నిమిత్తమైనది ఆ తుపాకి తూటాకు పూసిన కొవ్వే కదా! ఆ తిరుగుబాటు అణగిన తరువాత పాలకులు రెండు పాఠాలు నేర్చుకొన్నారు. భారతీయ సిపాయికి ఇచ్చే తుపాకి ఇంగ్లీషు సోల్జరు తుపాకికంటె ఒక మెట్టు తక్కువగా ఉండాలి. ప్రజల చేతిలో ఆయుధాలు ప్రభుత్వ అనుమతితోనే ఉండాలి. రెండవదానికోసం 1878లో ఆయుధ చట్టం వచ్చినది. తెల్లవారికి అందులో మినహాయింపు ఉన్నది. లైసెన్సు లేని కమ్మరి తుపాకి చేయరాదు, అమ్మరాదు.

మొదటి పాఠం ఎంత దూరం పోయినదో ఒక ఉదాహరణ చెబుతాను. కలకత్తా సమీపాన ఈషాపూరులో ప్రభుత్వం 20వ శతాబ్దపు ఆరంభంలో తుపాకుల కర్మాగారం నెలకొల్పినది. అక్కడ పోలీసులకోసం, చెరసాల కావలివారికోసం సైనిక తుపాకులనే కొన్నింటిని మార్చేవారు. గొట్టం లోపలి మెలికల గాడులను తొలిచి నున్నగా చేసేవారు. అందువల్ల గురి దూరం పోదు. తూటాలు నిలువచేసే గూటిలో కొయ్యదిమ్మ బిగించేవారు. అందువల్ల ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చాలి. దానికి చేసిన తూటా సైనిక తుపాకిలో దూరదు. అమరకపోవడం ఇక్కడ పనివాని పొరపాటు కాదు. ప్రభుత్వం బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటు. ఠాణాలోని తుపాకి ఒకనాడు తిరుగుబాటుదారుల చేతికి పోవచ్చునన్న భయం ఆ కొయ్యదిమ్మలో దాగి ఉన్నది.

ఇప్పుడు మన్యానికి తిరిగి వద్దాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలను సీతారామరాజు వరుసగా పట్టుకొన్నాడు. తీసికొన్న వస్తువులను ఠాణా పుస్తకంలో వ్రాసి సంతకం చేయడం ఆయన పద్ధతి. మూడుచోట్లా కలిసి లభించినవి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు. లెక్క వేసి చూడండి. ఒక్కొక్క తుపాకికి వచ్చినవి దాదాపు నూరు తూటాలే. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇద్దరు ఇంగ్లీషు అధికారులు దళం గుళ్ళకు నేలకొరిగారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద జరిగిన పోరులో దళానికి గట్టి దెబ్బ తగిలినది. ప్రతి పోరులోనూ ఆ నూటిలోనుంచి కొన్ని తరిగిపోతూనే ఉన్నవి.

తరిగినవాటిని కొండలలో పూరించడం ఎలాగు? నాటు తుపాకి అయితే చింత లేదు. దానిలో మందు, గుండు ముందునుంచి కూరుతారు. గుండు కొంచెం వదులైతే గుడ్డపీలిక చుట్టవచ్చును. అది మనిషి చేతికి లొంగే వస్తువు. పోలీసు తుపాకి అట్టిది కాదు. దాని తూటా వెనుకనుంచి పోతుంది. దాని ఇత్తడి తొడుగు గొట్టపు మడమలో సరిగ్గా కూర్చోవాలి. ఒక వెంట్రుకవాసి లావైతే లోనికి పోదు. సన్నమైతే తొడుగు పగిలి కాల్చినవానికే అపాయం. ఈ తొడుగును చేసేది కమ్మరి సుత్తి కాదు, యంత్రం, కొలబద్ద. ఆ కొలబద్ద కర్మాగారంలో ఉన్నది. కర్మాగారం ప్రభుత్వం చేతిలో ఉన్నది. కొండకమ్మరి ఎంత నేర్పరి అయినా ఆ తలుపుకు పూయవలసిన మసి అతనికి అందుబాటులో లేదు.

అందుచేతనే తిరుగుబాటుదారునికి ఠాణాయే ఆయుధశాల అయినది. ఆ సంగతి ప్రభుత్వమూ గ్రహించినది. అన్నవరం ఠాణాను సైనికులతో నింపవలసిన అవసరం దానికి లేకపోయినది. తుపాకులను తీసివేస్తే చాలినది.

మన్యం పోరాటం ఆయుధాల కొరతవల్లనే ఓడినదని నేను అనను. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సు దళాలు, అన్నిటికి మించి ఊరూరా ప్రజలను హింసించి ఆచూకీ రాబట్టిన పద్ధతి, ఇవన్నీ కారణాలే. 1924 మే 7న కొయ్యూరు సమీపాన సీతారామరాజును పట్టుకొని కాల్చివేశారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. అయితే విల్లమ్ములతో తుపాకులను ఎదుర్కొన్న వీరగాథగా మాత్రమే ఆ చరిత్రను చెప్పుకొంటే ఒక సత్యం మరుగునపడుతుంది. రాజు అమాయకంగా పోరాడలేదు. తన దగ్గర ఏమి ఉన్నదో, ఏమి లేదో ఆయనకు లెక్కతో సహా తెలుసు. లేనిదేదో అన్నవరంలో నలుగురి ఎదుట చెప్పాడు. అది ధైర్యం లేమి కాదు, పనివాని చేయి లేమి కాదు. కొలత పరుల చేతిలో ఉండడం.

ఆ దళంలో ముఖ్యుడైన గాం మల్లుదొర 1923 సెప్టెంబరులో పట్టుబడి, అండమాను శిక్ష అనుభవించి, స్వతంత్ర భారతదేశంలో 1952 ఎన్నికలలో విశాఖపట్టణంనుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆనాటి ఆయుధ చట్టానికి బదులు 1959లో మన పార్లమెంటు కొత్త చట్టం చేసినది. ఈషాపూరు కర్మాగారం ఈ దేశపు ప్రజల సొత్తు అయినది.

వ్రతం చేసికొనడానికి అన్నవరం వెళ్ళేవారు కొండ ఎక్కేముందు ఒక్క క్షణం క్రింది ఊరివైపు చూడండి. ఒక ఉదయాన అక్కడ ఒక ఖాళీ ఠాణా ఉండేది. వెదకినవి దొరకక, ఆ యువకుడు మీరెక్కబోయే కొండనే ఎక్కాడు.